ఆ మూడు సెకన్లు: లాసా ఆప్సోకి నేర్పడం గురించి

(చిన్న జాతి కుక్కలు పెంచుకునేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? మంచిది. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి చాలు. ఎవరింట్లో లాసా ఆప్సో ఉంది? బాగానే ఉన్నారు. షిట్జూ? పెకినీస్? పగ్? మీరూ ఉండండి, చెప్పేదాంట్లో చాలా భాగం మీకూ పనికొస్తుంది. నేను ఎక్కువగా లాసా గురించే మాట్లాడతాను. పద్నాలుగేళ్లుగా మా ఇంట్లో ఉన్నది అదే, నాకు బాగా తెలిసినదీ అదే.

ఇంకో ప్రశ్న. "మా కుక్క చాలా మొండిది, పిలిస్తే రాదు" అనేవాళ్లు ఎవరు? చూశారా, ఇందాక లేచిన చేతులే మళ్లీ లేచాయి.

ఆ మొండితనం గురించే ఇవాళ మాట్లాడుకుందాం. మొండితనం అని మనం దేన్ని అంటున్నాం? దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మా కుక్క పేరు భీముడు, పిల్లలు పెట్టిన పేరు. బరువు ఆరున్నర కిలోలు. నేను వంటింట్లోంచి పిలుస్తాను, "భీముడూ, రా!" అని. వాడు హాల్లో కిటికీ దగ్గర పడుకుని ఉంటాడు. తల తిప్పుతాడు. నన్ను చూస్తాడు. విన్నాడు, అందులో సందేహం లేదు, చెవి మొదలు కదిలింది. మళ్లీ కిటికీ వైపు చూస్తాడు. మళ్లీ నా వైపు. ఇదంతా మూడు సెకన్లు. గడియారం పెట్టి చూశాను. మూడు సెకన్లు, ఒక్కోసారి నాలుగు.

ఆ మూడు సెకన్లలో మనం ఏం చేస్తాం? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. "రా... రా రా... రారా నాన్నా... ఒరేయ్, వస్తావా రావా!" అంటాం. అవునా కాదా? మొదటి సెకనులో ముద్దుగా, మూడో సెకనుకి గొంతు పెంచి. మరి కుక్క ఏం నేర్చుకుంది? "రా" అన్న మాటకి అర్థం లేదు, అయిదో "రా"కి, అదీ అరుపుతో వచ్చిన "రా"కి అర్థం ఉంది, అని నేర్చుకుంది. మనమే నేర్పాం. శ్రద్ధగా, రోజూ, నెలల తరబడి నేర్పాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మూడు సెకన్లు మొండితనం కాదు. కుక్క ఆలోచిస్తోంది. వెళ్లాలా వద్దా అని లెక్క చూసుకుంటోంది. ఆ ఆలోచనని మనం అరుపులతో నింపకూడదు. నోరు మూసుకుని ఆగాలి. ఆగిన తర్వాత వచ్చిందా, వచ్చినందుకు దానికి గిట్టుబాటు కావాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం ట్రైనింగ్ అయిపోయినట్టే.

ఎందుకు ఆలోచిస్తుంది? మిగతా కుక్కలు పిలవగానే పరిగెత్తుకొస్తాయి కదా, దీనికేం వచ్చింది? దీనికి జవాబు కావాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. లాసా ఆప్సో టిబెట్ కుక్క. అక్కడి మఠాల్లో, పెద్దల ఇళ్లలో ఉండేది. బయట గుమ్మం దగ్గర టిబెటన్ మాస్టిఫ్, అంటే పెద్ద కాపలా కుక్క, కట్టేసి ఉండేది. లోపల ఇది. చలి దేశం కాబట్టి ఒత్తైన పొడుగు జుట్టు. ఎత్తు పది, పదకొండు అంగుళాలు, బరువు అయిదు నుంచి ఎనిమిది కిలోలు. ఇంత చిన్నది దొంగని ఏం కరుస్తుంది? కరవడం దాని పని కాదు. బయటి కుక్కని దాటుకుని ఎవరైనా లోపలికి వస్తే పసిగట్టి మొరగడం, అందరినీ లేపడం, అదీ దాని ఉద్యోగం. దీన్ని కానుకగా ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. 1933లో పదమూడో దలైలామా, సైడమ్ కటింగ్ అనే అమెరికా యాత్రికుడికి ఒక జంటని కానుకగా ఇచ్చారు. అమెరికాలో ఈ జాతి అలా మొదలైంది. అక్కడి కెన్నెల్ క్లబ్బు, అంటే జాతి కుక్కల్ని నమోదు చేసే సంఘం, 1935లో దీన్ని గుర్తించి టెర్రియర్ల గుంపులో వేసింది. అది తప్పని 1959లో తీసి వేరే గుంపులో పెట్టారు. టెర్రియర్ అంటే ఎలకల వెంటా కుందేళ్ల వెంటా పడేది. ఇది దేని వెంటా పడేది కాదు. కూర్చుని గమనించేది.

ఇప్పుడు పక్కన బోర్డర్ కోలీని, అంటే గొర్రెలు కాసే కుక్కని, పెట్టి చూడండి. గొర్రెల కాపరి కొండ ఇవతల నుంచి ఈల వేస్తే, అవతల ఉన్న కుక్క అదే క్షణంలో ఎడమకి తిరగాలి. తిరగనిదాన్ని కాపరి ఉంచుకోడు, దాని పిల్లల్ని పెంచడు. తరాల తరబడి అలా ఏరితే మాట వినడం రక్తంలోకి వస్తుంది. మరి మఠం లోపల అర్ధరాత్రి లాసాకి ఆజ్ఞ ఇచ్చేదెవరు? అందరూ నిద్రలో ఉన్నారు. వరండాలో అడుగుల చప్పుడు. తెలిసిన అడుగా, కొత్త అడుగా? మొరగాలా, ఊరుకోవాలా? ఎవరిని అడుగుతుంది? తనే తేల్చుకోవాలి. ఆజ్ఞ కోసం ఎదురుచూసే కుక్క ఆ పనికి పనికిరాదు. అందుకని అక్కడ సొంత నిర్ణయం తీసుకునే కుక్కలే నిలిచాయి. మీ హాల్లో మీరు చూసే మూడు సెకన్లు అవే. ఆ నిర్ణయమే.

"దానికి తెలివి తక్కువండీ" అంటారు కొందరు. వాళ్లకి ఒక జాబితా ఆధారం. 1994లో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుక్కల పోటీలకి న్యాయనిర్ణేతలుగా ఉండే దాదాపు రెండొందల మందిని అడిగి జాతులకి వరస కట్టాడు. మొత్తం 79 స్థానాలు. లాసాది 68, షిట్జూది 70, పెకినీస్‌ది 73. చూడగానే బాధగానే ఉంటుంది. కానీ అక్కడ కొలిచింది దేన్ని? చెప్పిన పని ఎంత త్వరగా నేర్చుకుంటుంది, మొదటిసారి చెప్పగానే ఎన్నిసార్లు చేస్తుంది అని. అది విధేయత కొలత. చెప్పిన పని చేయకపోవడం, అర్థం కాకపోవడం, ఈ రెండూ ఒకటేనా? మీరు సూట్‌కేసు కిందికి దించితే చాలు, ప్రయాణమని తెలిసి గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. మూడు గదుల అవతల ట్రీట్ల డబ్బా మూత తీస్తే గాఢనిద్రలోంచి లేచి వస్తుంది. పక్కింటి వాళ్ల కారు చప్పుడుకీ మీ కారు చప్పుడుకీ తేడా చెప్పేస్తుంది. దీనికి తెలివి లేదని ఎలా అంటాం?

ఇంకో మాట ఇంతకంటే ప్రమాదం. "అది మీ మీద పెత్తనం చేయాలనుకుంటోంది, దానికి మీరే బాస్ అని చూపించండి" అంటారు. దీని గురించి నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను నష్టపోయాను. నేను కాదు, భీముడు నష్టపోయాడు. వాడికి ఏడాది వయసప్పుడు ఒక ట్రైనర్‌ని పిలిపించాను. ఆయన వస్తూనే వాడిని వెల్లకిలా తిప్పి, కదలకుండా ఛాతీ మీద చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నాడు. లొంగేదాకా వదలకూడదన్నాడు. నడుస్తూ ఆగితే గొలుసు గుంజమన్నాడు. నాకు తెలియదు, పెద్దాయన చెబుతున్నాడు కదా అని మూడు రోజులు చేశాను. నాలుగో రోజు పొద్దున నేను జుట్టు సర్దుదామని చెయ్యి చాస్తే వాడు మంచం కిందికి దూరాడు. నా చేతిని చూసి దూరాడు. నేను నేల మీద పడుకుని చూశాను, గోడకి ఆనుకుని, తెల్లగుడ్డు కనబడేలా కళ్లు పక్కకి పెట్టి నన్నే చూస్తున్నాడు. ఆ రోజే ఆ ట్రైనింగ్ మానేశాం. కానీ వాడు నా చేతి కిందకి తల తెచ్చి పెట్టడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ పెత్తనం సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో తెలుసా? 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, జూలో బంధించిన తోడేళ్లని చూసి రాసినదాన్నుంచి. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని ఒకచోట కుక్కితే కొట్టుకోవా మరి? తర్వాత డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల శాస్త్రవేత్త ఆ మాటని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆ మీచే అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించి 1999లో ఏమని రాశాడు? తోడేళ్ల గుంపు అంటే ఒక కుటుంబం, అమ్మా నాన్నా పిల్లలూ అని. తల్లీతండ్రీ ముందు నడుస్తారు, పిల్లలు వెనక నడుస్తారు, అంతే. పైగా మన ఇంట్లో ఉన్నది తోడేలు కూడా కాదు. మీ లాసా సోఫా ఎక్కి కూర్చుంటే మీ సింహాసనం లాక్కున్నట్టు కాదు. సోఫా మెత్తగా ఉంది, ఎత్తుగా ఉంది, అక్కణ్ణుంచి గుమ్మం కనబడుతుంది. కాపలా కుక్కకి ఇంకేం కావాలి?

సరే, బెదిరించకూడదు, గుంజకూడదు. మరి ఏం చేయాలి? కూలి ఇవ్వాలి. పని చేశాక కూలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూసి తేల్చిన సంగతి ఇదే: ఏ పని తర్వాత మంచి జరిగిందో ఆ పని మళ్లీ చేస్తుంది జంతువు. ఇది అన్ని కుక్కలకీ వర్తిస్తుంది. కానీ కొన్ని జాతులు మన మెప్పు కోసం, నెత్తి మీద ఒక నిమురు కోసం కూడా చేసేస్తాయి. లాసా మెప్పుని కాదనదు, కానీ దాంతో సరిపెట్టుకోదు.

కూలి అంటే బఠాణీ గింజంత ముక్క. ఉడికించిన చికెనో, చీజో, దానికి ఏది ప్రాణమో అది. ఆరు కిలోల కుక్కకి అంతకంటే పెద్ద ముక్క అక్కర్లేదు. రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు దాటకూడదు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లిపాయ, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిపిన చూయింగ్ గమ్, ఇవి విషం, దగ్గరికి కూడా రానివ్వద్దు. ఇక ముఖ్యమైనది, సమయం. పని చేసిన క్షణానికీ కూలికీ మధ్య ఒక్క సెకను. మీరు జేబులో వెతుక్కునేలోపు అది లేచి గోక్కుందనుకోండి, గోక్కున్నందుకు కూలి ఇచ్చినట్టవుతుంది. అందుకే ఒక గుర్తు మాట పెట్టుకోండి. మేం "భలే" అంటాం. పిరుదులు నేలకి తగిలిన క్షణంలో "భలే", ఆ తర్వాత ముక్క. క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, వాడేవాళ్లు వాడండి, పని అదే చేస్తుంది. ఫొటో తీసినట్టు అనుకోండి. ఏ క్షణం బాగుందో ఆ క్షణాన్ని పట్టి చూపిస్తున్నారు.

కూర్చోవడం ఎలా నేర్పుతారో మీకు తెలిసే ఉంటుంది. ముక్కు దగ్గర ముక్క పెట్టి, నెమ్మదిగా నెత్తి మీదుగా వెనక్కి తీసుకెళ్తే తల పైకి లేస్తుంది, నడుము కిందికి దిగుతుంది. వెనక నొక్కకూడదు. ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుందని అన్నిచోట్లా చెబుతారు. నాకు మూడు వారాలైనా రాలేదు. భీముడు నా చెయ్యి వైపు చూసేవాడే కాదు. ముక్కుతో వెతికేవాడు, పక్కకి తిరిగేవాడు, విసుగొచ్చి వెళ్లిపోయేవాడు. "చూశారా, ఎంత మొండో" అనుకున్నాం ఇంట్లో అందరం. తర్వాత ఒకరోజు గ్రూమింగ్ చేసే అమ్మాయి వాడి కళ్ల మీద జుట్టు పైకి దువ్వి చిన్న రబ్బరు బ్యాండు వేసింది. ఇంటికొచ్చి చెయ్యి ఎత్తాను. కూర్చున్నాడు. మళ్లీ ఎత్తాను. మళ్లీ కూర్చున్నాడు. ఇంతకాలం వాడికి నా చెయ్యి కనబడలేదండీ! తెర వెనక ఉన్నవాడికి సైగలు చేసి, చూడటం లేదని తిట్టాం. దయచేసి, ఇవాళ ఇంటికెళ్లగానే మీ కుక్క కళ్లెదురుగా ఉన్న జుట్టు ముడేయండి, లేకపోతే కత్తిరించండి. కత్తిరించేటప్పుడు మొన మొద్దుగా ఉన్న కత్తెర.

ఇదే వరసలో ఇంకో సంగతి. మొండి అనే ముందు డాక్టరుకి చూపించండి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారడం తరచుగా ఉంటుంది. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి మూడు కాళ్ల మీద రెండు గంతులు వేసి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. మనకి ఆటలా కనబడుతుంది. అలాంటి కుక్క కూర్చోమంటే కూర్చోదు, మెట్లెక్కమంటే ఎక్కదు. నొప్పి కదా! లాసాల్లో కళ్ల జబ్బులూ ఉన్నాయి. కన్నీళ్లు తగ్గి కన్ను ఎండిపోవడం ఒకటి, కంటిలోపలి పొర మెల్లమెల్లగా పాడై ముందు చీకట్లో, తర్వాత వెలుతుర్లో కూడా చూపు పోవడం ఒకటి. సాయంత్రం పూట మెట్ల దగ్గర ఆగిపోయే కుక్కని గుంజకండి. దానికి మెట్టు కనబడటం లేదేమో చూడండి. గుంజడం అన్నాను కాబట్టి ఇదీ చెబుతాను: మెడకి బెల్టు వేసి లాగడం వద్దు, ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ వేయండి. చిన్న కుక్కల గొంతు గొట్టం సున్నితం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పిలిస్తే రావడం. అన్నిటికంటే కష్టం ఇదే, అన్నిటికంటే అవసరం ఇదే. 1959లో డేవిడ్ ప్రీమాక్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. జంతువు ఎక్కువ ఇష్టపడే పనిని, తక్కువ ఇష్టపడే పనికి బహుమతిగా వాడుకోవచ్చు అని. మన అమ్మలు ఎప్పుడూ చెప్పేదే. అన్నం తింటే ఆడుకోనిస్తా. మరి లాసాకి అన్నిటికంటే ఇష్టమైన పని ఏది? చెప్పండి. చికెనా? కాదు. అవునండీ, కరెక్టుగా చెప్పారు, కిటికీ! కిటికీలోంచి వచ్చేపోయేవాళ్లని చూడటం. మనం ఏం చేస్తాం? ఆ కిటికీ దగ్గరి నుంచి దాన్ని పిలిచి, తలుపేసి, స్నానానికి తీసుకెళ్తాం. అంటే వస్తే ఏం జరిగింది? ఉన్న సుఖం పోయింది, చన్నీళ్లు మీద పడ్డాయి. రేపు పిలిస్తే ఆ మూడు సెకన్లలో ఇదంతా గుర్తొస్తుంది దానికి. లెక్క చూసుకుని, రాదు. తప్పు లెక్క కాదు కదా అది?

అందుకని మేం తిరగేశాం. భీముడు కిటికీ దగ్గర ఉంటే రెండు అడుగుల దూరంలో నిలబడి, ఒక్కసారి, "రా". ఆగాలి. మనసులో ఒకటి, రెండు, మూడు. వచ్చాడా, "భలే", ముక్క. ఇక్కడ వినండి, ఇదే కీలకం: ముక్క తినగానే "వెళ్లు" అని మళ్లీ కిటికీ దగ్గరికే పంపించాలి. రావడం వల్ల ఏమీ పోలేదు. ముక్కా వచ్చింది, కిటికీ ఉండనే ఉంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ఇలా పంపేయండి. వారం రెండు వారాల తర్వాత గది అవతలి నుంచి, తర్వాత వంటింట్లోంచి, తర్వాత పెరట్లో అయిదు మీటర్ల తాడు కట్టి. స్నానానికో, గోళ్లు కత్తిరించడానికో అయితే "రా" అనకండి. మీరే లేచి వెళ్లి ఎత్తుకు రండి. "రా" అన్న మాటని బంగారంలా దాచుకోండి, మలినం చేయకండి.

మూడు లెక్కపెట్టినా రాలేదనుకోండి. మళ్లీ పిలవకండి. కోప్పడకండి. మీరే దగ్గరికెళ్లి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వెనక్కి నడుస్తూ తీసుకురండి. తర్వాతిసారి ఇంకా దగ్గర నుంచి పిలవండి. రాలేదంటే దూరం ఎక్కువైందని అర్థం, లేదా కిటికీ బయట ఏదో గొప్ప సంగతి జరుగుతోందని అర్థం. ఎంత బాగా నేర్చుకున్నా సరే, రోడ్డు పక్కన లీష్ విప్పకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. నిర్ణయం తనే తీసుకునే కుక్క అని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా. రోడ్డు మీద ఆ మూడు సెకన్లు ఇవ్వడానికి లేదు.

ఒక సెషన్ మూడు నిమిషాలు మించకూడదు. రోజుకి మూడు నాలుగుసార్లు. అయిదోసారి బాగా చేసిందా, అక్కడ ఆపేయండి. "ఇంకొక్కసారి" అనకండి, ఆ ఒక్కసారిలోనే పాడవుతుంది. ఈ జాతికి చేసిన పనే చేయాలంటే విసుగు.

మొరుగుడు గురించి అడుగుతారని తెలుసు. దాని పూర్వీకుల ఉద్యోగమే అది, పూర్తిగా మాన్పించలేం, మాన్పించకూడదు కూడా. కాలింగ్ బెల్ మోగితే అది మొరుగుతుంది, మనం "ఏయ్ నోరుమూయ్!" అని అరుస్తాం. కుక్కకి ఎలా ఉంటుంది? మీరూ దాంతో కలిసి మొరిగినట్టు ఉంటుంది. మేం చేసేది ఇది. రెండు మూడు అరుపులు మొరగనిస్తాం. లేచి వెళ్లి, దాని పక్కన నిలబడి, బయటికి చూసి, మామూలు గొంతుతో "చూశాను" అంటాం. సమాచారం అందిందని చెప్పడం అన్నమాట. వెంటనే కిటికీకి దూరంగా నడిచి, వెంట వస్తే ముక్క. నెల పట్టింది మాకు. ఆ తర్వాత "చూశాను" అనగానే బాధ్యత దిగిపోయినట్టు నిట్టూర్చి పడుకునేవాడు. నిజంగానే నిట్టూర్చేవాడు.

కానీ తిండి కోసం, ఎత్తుకోమని మొరిగే మొరుగుడు వేరు. దాన్ని పట్టించుకోకపోవడమే మందు. ఇక్కడ జాగ్రత్త: పట్టించుకోవడం మానేసిన కొత్తలో అది తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇవాళెందుకు పనిచేయలేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. నాలుగో రోజు అమ్మమ్మగారికి జాలేసి బిస్కెట్ ఇచ్చారనుకోండి, ఏం నేర్పినట్టు? నాలుగు రోజులు గట్టిగా మొరిగితే పని జరుగుతుందని. అందుకే ముందు ఇంట్లో మనుషులకి ట్రైనింగ్. ఒకరు "రా" అంటే అందరూ "రా"నే అనాలి. ఒకరు సోఫా ఎక్కనిచ్చి ఇంకొకరు దించితే, లాసా ఊరుకోదు, ఎవరి దగ్గర ఏది చెల్లుతుందో రెండు రోజుల్లో కనిపెట్టేస్తుంది.

పిల్లకుక్కలు ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఉన్న కాలం మళ్లీ రాదు. రకరకాల మనుషులు, చప్పుళ్లు, నేలలు, దువ్వెన, పాదాలు పట్టుకోవడం, అన్నీ ముక్కలతో కలిపి అప్పుడే పరిచయం చేయాలి. టీకాలు పూర్తి కాకపోతే చంకలో ఎత్తుకుని చూపించండి. పాటీ విషయంలో, ఎన్ని నెలల పిల్లో అన్ని గంటలు, మహా అయితే ఇంకో గంట, అంతే ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి. లోపల పోసిందని ముక్కు పట్టి రుద్దితే మీ ఎదుట పోయకూడదని నేర్చుకుంటుంది, సోఫా వెనక్కి వెళ్తుంది. సాక్సు ఎత్తుకెళ్తే లాక్కోకండి, మార్పిడి చేయండి, ముక్క ఇచ్చి సాక్సు తీసుకోండి. గుర్రుమంటే కొట్టకండి. అది ముందస్తు నోటీసు. నోటీసు ఇచ్చినందుకు శిక్షిస్తే, రేపు నోటీసు లేకుండానే కరుస్తుంది.

అక్కడ ఎవరో ఏదో అడుగుతున్నారు, చెప్పండమ్మా. ముక్క లేకపోతే పని చేయదు, ఇది లంచం కాదా అంటున్నారు. మంచి ప్రశ్న. లంచం పనికి ముందు చూపిస్తాం, జీతం పని అయ్యాక ఇస్తాం. ముందు ముక్క చూపించి "రా" అంటే అది లంచమే, ముక్క లేని రోజు రాదు. మొదటి రెండు మూడు రోజులు ముక్క చూపించి చెయ్యి ఎలా కదులుతుందో నేర్పండి. తర్వాత చెయ్యి ఖాళీగా ఉండాలి, ముక్క డబ్బాలో, వెనక అల్మారాలో ఉండాలి. బాగా వచ్చేశాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. ఒకసారి ముక్క, ఒకసారి మెచ్చుకోలు, ఒకసారి కిటికీ, ఒకసారి ఏకంగా మూడు ముక్కలు. ఈసారి ఏం వస్తుందో అన్న ఆశ చాలా బలమైనది. కానీ పూర్తిగా మానేయకండి. జీతం లేకుండా ఎన్నాళ్లు పనిచేస్తాం మనం?

ఇంకో పని చేయండి, ఇది మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, అదృష్టం కొద్దీ చేశాం. ప్రతి మాటకీ ఒక చేతి సైగ కూడా నేర్పండి. లాసాలు చాలాకాలం బతుకుతాయి. పన్నెండు, పదిహేనేళ్లు, కొన్ని ఇంకా ఎక్కువ. భీముడికి ఇప్పుడు పద్నాలుగు నడుస్తోంది. పోయినేడు చెవులు పోయాయి. కాలింగ్ బెల్‌కి లేవడు. నేను "చూశాను" అనాల్సిన పని లేదిప్పుడు. కళ్లు మసకబారాయి, కానీ దగ్గరి చెయ్యి కనబడుతుంది.

ఇవాళ ఇక్కడికి బయల్దేరే ముందు పిలిచాను. పిలవడం అంటే, పాదంతో నేల మీద రెండుసార్లు తట్టాను. ఆ అదురు వాడి పొట్టకి తెలుస్తుంది. కిటికీ దగ్గర పడుకుని ఉన్నవాడు తలెత్తాడు. నేను చెయ్యి ఛాతీకి ఆనించాను, అది మా "రా". వాడు నన్ను చూశాడు. కిటికీ వైపు చూశాడు. నేను కదల్లేదు. మళ్లీ నన్ను చూశాడు. మెల్లగా లేచి, వెనక కాళ్లు సర్దుకుని, వచ్చాడు.